లాయరు లేకుండా మనోవర్తి కేసు: ఫ్యామిలీ కోర్టులో నా అనుభవం

నా మనోవర్తి కేసులో తుది ఉత్తర్వు 2026 జనవరిలో వచ్చింది. పిటిషన్ వేసింది 2024 ఆగస్టులో. ఈ ఏడాదిన్నరలో సాక్ష్యం దశ చివర తప్పిస్తే కోర్టు హాల్లో నా తరఫున నిలబడింది నేనే. విడిపోయి పుట్టింట్లో ఉంటున్న ఆడవాళ్లు ఇప్పుడు నన్ను అడిగేది ఒకటే: "జడ్జి గారి ముందు మాట్లాడగలమా?" మాట్లాడగలరు. ఫ్యామిలీ కోర్టులో జడ్జి గారు మామూలు మనుషుల భాషలోనే అడుగుతారు, తడబడినా ఓపిక పడతారు. ప్రమాదం మాటల్లో లేదు, కాగితాల్లో ఉంది. పిటిషన్‌లో రాయని సంగతి, ఎగ్జిబిట్‌గా (కోర్టు నంబరు వేసి సాక్ష్యంలోకి తీసుకున్న పత్రంగా) మార్కు కాని పత్రం, క్రాస్‌లో (అవతలి పక్షం సాక్షిని ప్రశ్నించే క్రాస్ ఎగ్జామినేషన్‌లో) వేయని ప్రశ్న ఎంత నిజమైనా కోర్టు లెక్కలో లేనట్టే. లాయరు ఉంటే అవి ఆయన చూసుకుంటారు. లేకపోతే గుర్తు చేసేవాళ్లు ఎవరూ ఉండరు. జడ్జి గారు చెప్పరు, చెప్పకూడదు కూడా.

బడిలో టీచరుగా నాకొచ్చే 14 వేలతో లాయరు ఫీజు కట్టడం కష్టం. ఆడవాళ్లకు ఉచిత న్యాయ సహాయం ఉందని తెలుసు. కానీ పత్రాలన్నీ నా చేతిలోనే ఉన్నాయి, మా సంగతి నాకన్నా బాగా ఎవరు చెప్తారన్న ధైర్యంతో దిగాను. చట్టం కూడా దీనికి అడ్డు చెప్పదు. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం సెక్షన్ 13 ప్రకారం ఈ కోర్టులో లాయరును పెట్టుకోవడం కక్షిదారు హక్కు కాదు, కోర్టు అనుమతించాలి. అంటే అనుమతి అడగాల్సింది లాయరు పెట్టుకున్నవాళ్లే. నా భర్త తరఫు లాయరు వకాలత్‌తో (లాయరును నియమించుకున్న పత్రంతో) పాటు ఆ అనుమతి కోరే పిటిషన్ కూడా వేశారు, మొదటి వాయిదాకే అనుమతి వచ్చింది. నేను "స్వయంగా హాజరవుతాను" అని ఒక మెమో (కోర్టుకు రాసిచ్చే చిన్న విన్నపం) ఇచ్చాను, అంతే. చట్టం ఇద్దరినీ సమానంగా చూస్తుంది గానీ, హాల్లోకి వెళ్లాక ఒకవైపు ఇరవై ఏళ్ల ప్రాక్టీసు, ఇంకోవైపు మనం.

పిటిషన్ భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 144 కింద వేశాను. 2024 జూలై 1కి ముందు ఇదే సీఆర్‌పీసీ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 125. ఇప్పటికీ కోర్టు ఆవరణలో అందరూ "125 కేసు" అనే అంటారు, కాగితం మీద మాత్రం 144 ఉండాలి. టైపిస్టు దగ్గర పాత నమూనాలే ఉంటాయి, సెక్షన్ నంబర్లు మీరే చూసుకోండి.

వారం తిరక్కుండానే పిటిషన్ రిటర్న్ అయింది. వెనక రాసిన అభ్యంతరాల్లో ముఖ్యమైనది: ఈ కోర్టుకు పరిధి ఎలా ఉందో చూపలేదని. భార్య తాను నివసించే చోట మనోవర్తి కేసు వేసుకోవచ్చు, అందులో అనుమానం లేదు. కానీ నా ఆధార్‌లో ఇప్పటికీ హైదరాబాద్ అత్తవారింటి చిరునామానే ఉంది. పెళ్లయ్యాక ఆధార్ మార్చుకుని, పుట్టింటికొచ్చాక మార్చుకోని వాళ్లందరికీ వచ్చే చిక్కే ఇది. పాప చదివే బడి నుంచి స్టడీ సర్టిఫికెట్, నా బడి యాజమాన్యం ఇచ్చిన లెటర్, మా నాన్నగారి పేరు మీది కరెంటు బిల్లు జతచేసి, పరిధి గురించి ఒక పేరా కలిపి మళ్లీ వేశాను. రిటర్న్ అయిన కాగితానికి గడువు ఉంటుంది. అది దాటితే ఆలస్యాన్ని మన్నించమని మరో పిటిషన్, మరో అఫిడవిట్, మరో నోటరీ ఫీజు. సెప్టెంబరు మధ్యలో కేసుకు ఎం.సి. (మెయింటెనెన్స్ కేసు) నంబరు పడింది.

పిటిషన్ రాసేటప్పుడు చెయ్యి ఆగదు. ఏళ్ల తరబడి మింగుకున్నదంతా కాగితం మీదకు వచ్చేస్తుంది: అత్తగారు అన్న మాటలు, ఆడపడుచు పెళ్లిలో జరిగిన అవమానం, అన్నీ. అయితే మనోవర్తి కేసులో కోర్టు చూసేవి నాలుగే: పెళ్లి, అతని స్తోమత, మీ అవసరం, విడిగా ఉండటానికి తగిన కారణం. మిగిలిన ప్రతి వాక్యం క్రాస్‌లో అవతలివాళ్లకు ఒక ప్రశ్న. "ఈ సంఘటనకు సాక్షులెవరు, ఆరోజే ఎందుకు చెప్పలేదు" అని మొదలెడతారు. అంతకుముందు పోలీస్ స్టేషన్లో ఇచ్చిన ఫిర్యాదు గానీ, గృహ హింస చట్టం కింద వేసిన కేసు గానీ ఉంటే, ఆ కాగితాల్ని పక్కన పెట్టుకుని రాయండి. తేదీలు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంటే కష్టం పడినవాళ్లే అబద్ధాలకోరులుగా కనిపిస్తారు. నేను పదమూడు పేజీల చిత్తుప్రతిని అయిదు పేజీలకు కోశాను. కోసిన రాత్రి ఏడ్చాను. నా కష్టం నేనే చెరిపేసినట్టు అనిపించింది. కానీ క్రాస్ రోజున ఆ కోతే నన్ను కాపాడింది.

పిటిషన్ చివర "ప్రార్థన" అన్న భాగం ఉంటుంది. అడగనిది ఇవ్వరు. నాకు ఎంత, పాపకు ఎంత అని విడివిడిగా అడగాలి. పిటిషన్ వేసిన తేదీ నుంచి ఇప్పించమని అడగాలి. మధ్యంతర మనోవర్తికి వేరే పిటిషన్ వేయాలి, అందులోనే కేసు ఖర్చులు కూడా కోరాలి. సెక్షన్ 144లో ఖర్చుల మాట స్పష్టంగా ఉంది. అయినా సొంతంగా వేసుకునేవాళ్లు చాలామంది దాన్ని వదిలేస్తారు.

దీంతోపాటు ఆస్తులు, అప్పుల అఫిడవిట్ తప్పనిసరి. 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు రజనేశ్ వర్సెస్ నేహా కేసులో దీని నమూనా ఇచ్చింది. ఇద్దరూ దాఖలు చేయాలి. అది నింపడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది: జీతం, బ్యాంకు ఖాతాలు, బంగారం, పాలసీలు, నెల ఖర్చులు, ఇంతకుముందు ఏ కోర్టులోనైనా మనోవర్తి వచ్చిందా అన్న వివరం. ఇక్కడ అందరూ ఇచ్చే సలహా "నీ జీతం చూపించకు" అని. దయచేసి ఆ మాట వినకండి. సంపాదన ఉన్నంత మాత్రాన భార్యకు మనోవర్తి హక్కు పోదు, చాలుతుందా లేదా అన్నదే చూస్తారు. దాచిన జీతం మాత్రం ఒక్క బ్యాంకు స్టేట్‌మెంట్‌తో బయటపడుతుంది. ఆ తర్వాత మీరు చెప్పే ఏ అంకెనూ నమ్మరు. తప్పుడు అఫిడవిట్ మీద విడిగా చర్య తీసుకునే అధికారం కూడా కోర్టుకు ఉంది. పాల బిల్లు నుంచి బడి ఆటో దాకా రసీదులు ఉన్న ఖర్చులే నేను రాశాను.

ఇక వాయిదాలు. అవతలివాళ్లకు నోటీసు పంపడానికి బత్తా (కోర్టుకు కట్టే రుసుము) కట్టాలి. గడువులోగా కట్టకపోతే కేసు డిస్మిస్ కావచ్చు. హైదరాబాద్ ఫ్లాట్‌కు వెళ్లిన రిజిస్టర్ పోస్టు "డోర్ లాక్డ్" అని తిరిగొచ్చింది. ఆఫీసు చిరునామా ఇస్తూ మెమో వేసి, మళ్లీ బత్తా కట్టాను. డిసెంబరులో గానీ అందలేదు. నోటీసు అందిన 60 రోజుల్లో మధ్యంతర మనోవర్తి తేల్చాలని చట్టం అంటుంది, "వీలైనంత వరకు" అన్న మాట కూడా దాని పక్కనే ఉంది. నాకు ఏప్రిల్ అయింది.

ప్రతి వాయిదాకు పదిన్నరకల్లా హాల్లో ఉండాలి. లాయరు ఉన్నవాళ్లు ఒకరోజు రాలేకపోతే ఆయన చెప్పుకుంటారు. మనం లేకపోతే మూడుసార్లు పేరు పిలుస్తారు, తర్వాత డాకెట్‌లో (ఆరోజు జరిగింది రాసే కోర్టు నమోదులో) "పిటిషనర్ గైర్హాజరు" అని పడుతుంది, ఆ పైన డిఫాల్ట్ డిస్మిస్ (రానందుకు కేసు కొట్టివేత). బాత్రూముకు వెళ్లాలన్నా బెంచి క్లర్కుకో అటెండరుకో చెప్పి వెళ్లేదాన్ని. లాయర్లు విధులు బహిష్కరించిన రోజున కోర్టు ఉండదనుకుంటారు. ఉంటుంది, జడ్జి గారు కూర్చుంటారు, కేసులు పిలుస్తారు, స్వయంగా వచ్చేవాళ్లు హాజరు వేయించుకోవాలి. సాయంత్రం ఈ-కోర్ట్స్ యాప్‌లో సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకూ ఇచ్చే ప్రత్యేక నంబరు) కొట్టి, ఆరోజు ఏం రాశారో, తర్వాతి తేదీ ఏమిటో చూసుకోండి. హాల్లో చెవిన పడిన తేదీ, యాప్‌లో పడిన తేదీ వేరుగా ఉంటే మర్నాడే వెళ్లి క్లర్కును అడగండి. బడిలో సెలవు పెట్టిన ప్రతిరోజూ జీతం కోత. కేసు ఖర్చుల్లో నాకు అన్నింటికన్నా పెద్దది అదే, టైపింగూ జిరాక్సులూ కాదు.

జనవరి, ఫిబ్రవరి నెలల్లో కౌన్సెలింగ్ జరిగింది. రాజీకి ప్రయత్నించడం ఈ కోర్టు బాధ్యత, అది మంచిదే. కానీ ఒంటరిగా వచ్చినవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే, నా అభిప్రాయం ఇది. కౌన్సెలరు గదిలో కాదు, బయట వరండాలో. అవతలి లాయరు మర్యాదగా పలకరించారు, "అమ్మా, ఇన్నాళ్లు తిరిగేకన్నా ఒకేసారి తీసుకుంటే పాప పేరున వేసుకోవచ్చు కదా" అన్నారు. నాలుగు లక్షలు. జాయింట్ మెమో అప్పటికే టైపయి ఉంది, రెండు పేజీలు. మొదటి పేజీలో డబ్బు గురించి. రెండో పేజీ మధ్యలో, "భవిష్యత్తులో పిటిషనర్ గాని, మైనర్ కుమార్తె గాని ఎలాంటి మనోవర్తి, ఆస్తి హక్కు కోరబోమని" అన్న వాక్యం. డబ్బు ఎప్పుడిస్తారో తేదీ లేదు. బిడ్డ హక్కును తల్లి సంతకం పెట్టి వదిలేయడం నిలవదు, కానీ అది నిలవదని చెప్పించుకోవడానికి మళ్లీ ఇంకో కేసు వేయాలి. ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటానన్నాను. "ఈరోజే రికార్డు చేయిద్దాం" అన్నారు. ఒప్పుకోలేదు. ఆయన తన క్లయింటు కోసం పని చేస్తున్నారు, అందులో తప్పు లేదు. మన కోసం పని చేసేవాళ్లు ఆ వరండాలో లేరన్నది గుర్తుంచుకుంటే చాలు. ఏ కాగితమైనా ఒక రాత్రి ఇంట్లో ఉంచుకుని చదివాకే సంతకం.

ఫిబ్రవరిలోనే హైదరాబాద్ నుంచి నా భర్త వేసిన విడాకుల ఓ.పి. (ఒరిజినల్ పిటిషన్) నోటీసు నాకు వచ్చింది. పోస్ట్‌మ్యాన్‌ను "తీసుకోను" అని పంపేయమని మా పిన్ని సలహా. తిరస్కరిస్తే అందినట్టే లెక్క, ఆపైన ఎక్స్‌పార్టీ (మనం లేకుండానే విచారణ). ఒకవేళ ఎక్స్‌పార్టీ డిక్రీ అయిపోతే దాన్ని కొట్టేయించుకోవడానికి మామూలుగా 30 రోజులే గడువు. కేసును మా జిల్లాకు మార్పించుకుందామంటే ఇంకో సంగతి తెలిసింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వేర్వేరు రాష్ట్రాలు కాబట్టి అమరావతి హైకోర్టుకో, హైదరాబాద్ హైకోర్టుకో ఆ అధికారం లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 25 కింద సుప్రీంకోర్టుకే వెళ్లాలి. ఒకే రాష్ట్రంలో రెండు జిల్లాల మధ్య అయితే హైకోర్టు చాలు. ఇది సొంతంగా చేసే పని కాదని ఆరోజే తేల్చుకున్నాను. సుప్రీంకోర్టు న్యాయ సేవల కమిటీకి దరఖాస్తు పెట్టాను, ఆడవాళ్లకు ఆదాయ పరిమితి లేదు. లాయరును కేటాయించి, పిటిషన్ వేసి, హైదరాబాద్ విచారణ మీద స్టే వచ్చేసరికి జూలై. అప్పటిదాకా ఆ వాయిదాలకు రాత్రి బస్సెక్కి వెళ్లి, కౌంటరుకు (పిటిషన్‌కు ఇచ్చే రాతపూర్వక జవాబుకు) గడువు కోరుతూ హాజరు వేయించుకోవాల్సి వచ్చింది. ట్రాన్స్‌ఫర్ పిటిషన్ వేశామన్నంత మాత్రాన కింది కోర్టు ఆగదు, స్టే కాపీ చేతికి వచ్చి మెమోతో ఇస్తేనే ఆగుతుంది. నవంబరులో కేసు మా జిల్లాకు మారింది.

మధ్యంతర ఉత్తర్వు ఏప్రిల్‌లో వచ్చింది: నాకు 7 వేలు, పాపకు 5 వేలు. తన ఉద్యోగం పోయిందని, నెలకు 25 వేలే వస్తుందని నా భర్త కౌంటరులో రాశారు. అది చదివిన రోజు ఒళ్లు మండిపోయింది. వాదించాలనిపిస్తుంది. వాదనతో అంకె మారదు. కంపెనీ నుంచి జీతం వివరాలు తెప్పించమని సెండ్ ఫర్ పిటిషన్ వేశాను. ఏ పత్రం, ఎవరి దగ్గర ఉంది, ఏ కాలానిది, ఎందుకు అవసరం అన్న నాలుగూ రాయాలి. "అతని ఆదాయం వివరాలన్నీ" అని గుండుగుత్తగా అడిగితే కొట్టేస్తారు. వచ్చిన జీతం కాగితంలో చేతికొచ్చే మొత్తం తక్కువగానే ఉంది, ఎందుకంటే కారు లోను, స్వచ్ఛందంగా పెంచుకున్న పీఎఫ్ అందులోనే పోతున్నాయి. పన్నులాంటి తప్పనిసరి కోతల్నే కోర్టు తీసేసి చూస్తుంది, ఇలాంటివి కాదు. ఆ ఒక్క పేజీయే నా కేసుకు వెన్నెముక.

జూలైలో నా చీఫ్ అఫిడవిట్ (నా సాక్ష్యాన్ని నేనే రాసిచ్చే ప్రమాణ పత్రం) వేశాను. పత్రాలు ఫైలులో ఉంటే చాలదు, ఒరిజినల్ చూపించి ఒక్కొక్కటీ మార్కు చేయించుకోవాలి. వాట్సాప్ మెసేజ్‌ల ప్రింట్లకు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. అందులో రెండు భాగాలు: ఎ భాగం మనది, బి భాగం నిపుణుడిది. ఆ నిపుణుడి సంతకం సంపాదించడమే పెద్ద పని. ఫ్యామిలీ కోర్టుకు సాక్ష్యం నిబంధనల్లో కొంత వెసులుబాటు ఉంది, సెక్షన్ 14 ఆ మాటే చెప్తుంది. నా ప్రింట్లను అభ్యంతరానికి లోబడి మార్కు చేశారు. మెసేజ్‌ల మీద కేసు నిలబెట్టకండి, ఫోను మాత్రం మార్చకండి, ఫార్మాట్ చేయకండి.

ఆగస్టులో నన్ను క్రాస్ చేశారు. బోనులో నిలబడ్డాక ఒంటరితనం అంటే ఏమిటో తెలుస్తుంది. అక్రమమైన ప్రశ్న వేస్తే "అభ్యంతరం" అనేవాళ్లు ఉండరు. మొదటి ప్రశ్నలు సుతిమెత్తగా ఉంటాయి, తర్వాత ఇలా: "మీరు మీ ఇష్టంతో కాపురం వదిలి వెళ్లి, బడిలోనూ ట్యూషన్లలోనూ కలిపి నెలకు 30 వేలు సంపాదిస్తున్నారన్నది వాస్తవమేనా?" ఇందులో మూడు సంగతులున్నాయి. అవునన్నా కాదన్నా చిక్కే. విడివిడిగా అడగమని జడ్జి గారిని కోరాను, అడిగించారు. ఇష్టంతో వదిలానన్నది వాస్తవం కాదు, ట్యూషన్లు చెప్తున్నానన్నది వాస్తవం కాదు, బడిలో 14 వేలు వస్తుందన్నది వాస్తవం, అఫిడవిట్‌లో రాశాను. మనం తెలుగులో చెప్పేది జడ్జి గారు ఇంగ్లీషులో చెప్పి టైపు చేయిస్తారు. చివర చదివితే "నేను ఉద్యోగం చేసి సంపాదిస్తున్నాను" అన్న అర్థంతో ఒక్క వాక్యం ఉంది, అంకె లేదు. సంతకం పెట్టకముందే చెప్పాను, కలిపారు. కాళ్లు వణుకుతూ ఉంటాయి, ఎప్పుడు దిగిపోదామా అని ఉంటుంది, చాలామంది చదవకుండానే సంతకం పెట్టేది అప్పుడే. ఇంగ్లీషు రాకపోతే చదివి వినిపించమని అడగండి, కాదనరు. క్రాస్ అయ్యాక లాయరు ఉంటే రీ-ఎగ్జామినేషన్‌లో సర్దుకుంటారు. నేను వివరణ చెప్పుకోవడానికి అనుమతి అడిగాను, కొంత ఇచ్చారు.

భర్తను క్రాస్ చేయాల్సిన వంతు వచ్చినప్పుడు నేను ఆగాను. ఎనిమిదేళ్లు ఒకే ఇంట్లో ఉన్న మనిషిని ఎదురుగా నిలబెట్టి ప్రశ్నలు వేస్తుంటే అది క్రాస్ కాదు, పాత గొడవే మళ్లీ మొదలవుతుంది. "ఎందుకు అలా చేశారు" అని అడుగుతాం, అతను పది నిమిషాలు తనకు కావలసింది చెప్పి రికార్డు చేయించుకుంటాడు. చీఫ్‌లో అతను చెప్పినదాన్ని క్రాస్‌లో కాదనకపోతే ఒప్పుకున్నట్టు వాదిస్తారు కాబట్టి, ప్రతి ముఖ్యమైన సంగతికీ సూచన ("మీరు చెప్పింది నిజం కాదు" అన్న ప్రశ్న) వేయాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇచ్చాను. ఫోన్లో అయితే 15100. ప్యానెల్ లాయరు రావడానికి మూడు వారాలు పట్టింది. నేను జీతం కాగితం, లోను తేదీలు వరుసగా రాసిచ్చాను. ఆమె అరగంటలో ముగించారు: లోను తీసుకున్నది నోటీసు అందిన తర్వాతేనని అతనితోనే చెప్పించారు. నేనైతే ఆ ప్రశ్న దాకా వెళ్లేలోపే ఏడ్చేదాన్ని. ఎవరైనా అడిగితే ఇదే చెప్తాను: డబ్బు లేకపోతే మిగతా అన్నింటికీ ఒంటరిగా వెళ్లండి, క్రాస్‌కు మాత్రం వెళ్లకండి. న్యాయ సహాయం వీలుకాకపోతే సెక్షన్ 13 కిందే అమికస్‌ను (కోర్టుకు సాయపడే న్యాయ నిపుణుణ్ని) నియమించమని కోర్టుకు మెమో పెట్టుకోవచ్చు.

డిసెంబరులో రాతపూర్వక వాదనలు నాలుగు పేజీలు ఇచ్చాం, ప్రతి వాక్యం పక్కన ఎగ్జిబిట్ నంబరుతో. జనవరి ఉత్తర్వులో నాకు 11 వేలు, పాపకు 9 వేలు, పిటిషన్ తేదీ నుంచి. మధ్యంతరంగా ఇచ్చింది అందులోంచి తీసేస్తారు.

సర్టిఫైడ్ కాపీకి అదేరోజు దరఖాస్తు పెట్టాను. దీని మీద హైకోర్టుకు రివిజన్ (ఉత్తర్వును పునఃపరిశీలించమనే పిటిషన్) వేసే అవకాశం ఇద్దరికీ ఉంది. వేసినంత మాత్రాన చెల్లింపు ఆగదు, స్టే ఉంటేనే ఆగుతుంది. బకాయిలు ఇంకా పూర్తిగా రాలేదు, వసూలు పిటిషన్ ఫిబ్రవరిలో వేశాను. ఇందులో గడువు ఉంది: ఏ నెల సొమ్ముకైనా అది బాకీ పడిన ఏడాదిలోపు దరఖాస్తు చేయకపోతే వారెంటు ద్వారా వసూలు చేయించుకోలేరు. "ఇస్తాడులే, ఇంకో నెల చూద్దాం" అని ఆగేవాళ్లు పోగొట్టుకునేది ఇక్కడే. ఏ నెల ఎంత వచ్చింది, ఎంత రావాలి అన్న పట్టిక, పక్కనే పాస్‌బుక్ జిరాక్సు పెట్టి వేస్తే ఆఫీసులో రిటర్న్ చేయరు.